కే3, కే4 లీగ్‌లు: కొరియా కింది స్థాయి ఫుట్‌బాల్ ఎలా నిలబడింది?

గ్యాలరీ గోపి (హైదరాబాద్)

అందరికీ నమస్కారం. ఇక్కడ రోజూ ఐరోపా లీగ్‌ల గురించే మాట్లాడుకుంటాం. ఈసారి కొరియా కింది లీగ్‌ల మీద, అంటే ప్రొఫెషనల్ లీగ్‌ల కిందుండే కే3, కే4 లాంటి వాటి మీద ఒక చర్చ పెడుతున్నాను.

కారణం ఇది. 2025 డిసెంబర్‌లో బుచాన్ ఎఫ్‌సీ 1995 అనే క్లబ్ ప్లేఆఫ్‌లో సువాన్ ఎఫ్‌సీని ఓడించి మొదటిసారి కొరియా టాప్ డివిజన్ అయిన కే లీగ్ 1కి ఎక్కింది. ఈ రెండూ ప్రొఫెషనల్ లీగ్ బయట పుట్టిన జట్లే. సువాన్ 2003లో మునిసిపల్ జట్టుగా మొదలైంది. బుచాన్ కథ ఇంకా గొప్పది.

బుచాన్‌లో ఒకప్పుడు ఎస్‌కే కంపెనీ నడిపే జట్టు ఉండేది. 2006 ఫిబ్రవరిలో కంపెనీ ఆ జట్టును జెజు దీవికి తీసుకెళ్లిపోయి జెజు యునైటెడ్ అని పేరు పెట్టింది. సీజన్ మొదలవడానికి ముందు, అభిమానులను అడగకుండా. హెర్మెస్ అనే అభిమాన సంఘం వాళ్లు కొన్నాళ్లు నిరసనలు చేశారు, తర్వాత కూర్చుని మన జట్టు మనమే పెట్టుకుందాం అనుకున్నారు. 2007 చివర్లో క్లబ్ పెట్టారు, 2008లో కే3 లీగ్‌లో దిగారు. పేరులోని 1995 ఆ సంఘం మొదలైన సంవత్సరం. 2009లో ఇంగ్లండ్ నుంచి ఎఫ్‌సీ యునైటెడ్ ఆఫ్ మాంచెస్టర్ వచ్చి వీళ్లతో స్నేహపూర్వక మ్యాచ్ ఆడింది. అదీ అభిమానులు పెట్టుకున్న క్లబ్బే. బుచాన్ గెలిచింది.

2013లో రెండో డివిజన్ మొదలైనప్పుడు అందులో చేరారు. 2020లో జెజు కిందికి పడిపోవడంతో పాత జట్టూ కొత్త జట్టూ ఒకే లీగ్‌లో తలపడ్డాయి. 2026 నుంచి టాప్ డివిజన్‌లో ఆడతారు.

2007లో కే3 అనే ఔత్సాహిక లీగ్ పెట్టి ఉండకపోతే ఆ అభిమానులకు ఆడడానికి చోటే ఉండేది కాదు. కొరియా ఫుట్‌బాల్ అంటే పార్క్ జీ సంగ్, సన్ హ్యూంగ్ మిన్ అని ఆగిపోతాం కానీ, నాకు ఆ దేశం చేసిన పనుల్లో ఇదే పెద్దదనిపిస్తుంది. మీరేమంటారు?

హ్వాసంగ్‌లో వేణు

గోపి గారూ, మంచి చర్చ పెట్టారు. నేను కార్ల విడిభాగాల కంపెనీ పని మీద హ్వాసంగ్‌లో ఉంటున్నాను. పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీ వచ్చాక మన అనంతపురం వైపు నుంచి ఇటు రాకపోకలు పెరిగాయి. కియా పెద్ద ప్లాంట్ ఒకటి ఈ ఊళ్లోనే ఉంది.

హ్వాసంగ్ ఎఫ్‌సీ పేరు వినే ఉంటారు. 2019లో అది కే3లో, అంటే అప్పటి లెక్కలో నాలుగో స్థాయిలో ఉంది. ఆ ఏడాది వేర్వేరు స్థాయిల జట్లు ఆడే కొరియా ఎఫ్‌ఏ కప్‌లో క్వార్టర్‌ఫైనల్లో టాప్ డివిజన్ జట్టు గ్యోంగ్నామ్‌ను ఓడించి సెమీస్‌కి వెళ్లింది. కే3 జట్టు సెమీఫైనల్ ఆడడం అదే మొదటిసారి. సెమీస్‌లో ఎదురుగా సువాన్ శాంసంగ్ (గోపి గారు చెప్పిన సువాన్ ఎఫ్‌సీ కాదు, అదే ఊరి ఇంకో క్లబ్). మొదటి లెగ్, అంటే రెండు మ్యాచ్‌ల్లో మొదటిది, హ్వాసంగ్‌లో. 1-0తో గెలిచారు! రెండో లెగ్‌లో యొమ్ కీ హున్ హ్యాట్రిక్ కొట్టడంతో 3-0తో పోయింది, అది వేరే సంగతి.

ఆ జట్టులో యు బ్యూంగ్ సూ ఉన్నాడు. 2010లో ఇంచాన్ తరఫున 22 గోల్స్ కొట్టి కే లీగ్ టాప్ స్కోరర్ అయినవాడు. సౌదీ, రష్యా తిరిగొచ్చి కే3లో ఆడాడు. మొదటి లెగ్‌లో గోల్ వేసిన మూన్ జున్ హో ఒకప్పుడు సువాన్ శాంసంగ్ వదిలేసిన కుర్రాడు. వదిలేసిన క్లబ్ మీద, సెమీఫైనల్లో! ఆ గోల్ ఇప్పటికీ మా ఆఫీసులో కొరియన్ సహోద్యోగులు చెప్పుకుంటారు.

అదే ఏడాది ఇంకో విశేషం: ఫైనల్లో సువాన్ శాంసంగ్‌తో ఆడింది డేజాన్ కోరెయిల్, అంటే రైల్వే వాళ్ల జట్టు. మొదటి లెగ్ 0-0, రెండోది 4-0తో సువాన్ గెలిచింది. అంటే సెమీస్‌లో ఒక మునిసిపల్ జట్టు, ఫైనల్లో ఒక రైల్వే జట్టు.

రైట్ ఔట్ రామం

వేణు బాబు రైల్వే జట్టు మాట ఎత్తాడు కాబట్టి కొంచెం పాత సంగతి చెప్తాను. మా తరానికి ఇది బాగా అర్థమవుతుంది.

1983లో ప్రొఫెషనల్ లీగ్ రాకముందు కొరియాలో ఫుట్‌బాల్ అంటే ఆఫీసు జట్లే. బ్యాంకులు, రైల్వే, కంపెనీలు. ఆటగాడికి ఉద్యోగం, జీతం, ఆట మానేశాక అదే ఆఫీసులో సీటు. మన దగ్గర హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు అలాంటిదే. కోచ్ రహీం సాబ్ చేతిలో 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆటగాడికి రేపటి గురించి టెన్షన్ లేకపోతే ఎలా ఆడతాడో ఆ జట్టు చూపించింది.

కొరియాలో ప్రొఫెషనల్ లీగ్ వచ్చాక కూడా ఈ ఆఫీసు జట్లు పోలేదు. 2003లో వాటిని కలిపి ఒక లీగ్ చేశారు. 2006లో దానికి నేషనల్ లీగ్ అని పేరు పెట్టి, గెలిచిన జట్టు కే లీగ్‌కి ఎక్కుతుంది అన్నారు. ఆ ఏడాది గోయాంగ్ కుక్మిన్ బ్యాంక్ గెలిచింది. ఎక్కమన్నారు. బ్యాంకు ఎక్కనంది. బ్యాంకింగ్ చట్టం ప్రకారం లాభాపేక్షతో క్లబ్ నడపడం కుదరదని చెప్పింది. మరుసటి ఏడు ఉల్సాన్ హ్యుందాయ్ మిపో షిప్‌యార్డ్ గెలిచింది. వాళ్లూ వద్దన్నారు.

రెండేళ్లు వరసగా ఛాంపియన్లు ప్రమోషన్ వద్దంటే ఇక ఆ పద్ధతి ఏం నిలుస్తుంది? నిచ్చెన వేశారు, ఎక్కేవాడు లేడు. ఆఫీసుకి జట్టు ఒక గౌరవం, ఉద్యోగులకు ఉత్సాహం. కోట్లు పోసి క్లబ్ నడపడం వాళ్ల పని కాదు. వాళ్లను తప్పుపట్టలేం.

సింధు_మిడ్‌ఫీల్డ్

రామం గారూ, వాళ్లను తప్పుపట్టలేం అన్నారు. నేను మాత్రం పడతాను. లీగ్ మొదలయ్యే ముందే నియమం తెలుసు. ఎక్కే ఉద్దేశం లేకపోతే ముందే చెప్పాలి. ఆ మైదానంలో పరిగెత్తిన ఆటగాళ్లకు ఎలా ఉంటుందో ఆలోచించండి. ఏడాదంతా ఆడి గెలిచారు, పై లీగ్ తలుపు తెరిచే ఉంది, యాజమాన్యం వెళ్లొద్దంది.

మిపో షిప్‌యార్డ్ స్ట్రైకర్ కిమ్ యంగ్ హూ సంగతే చూడండి. నేషనల్ లీగ్‌లో గోల్స్ మీద గోల్స్ కొట్టాడు. కొత్తగా గాంగ్వాన్ ఎఫ్‌సీ పెట్టాక కోచ్ చోయ్ సూన్ హో వెంట అక్కడికి వెళ్లి 2009లో కే లీగ్ ఉత్తమ కొత్త ఆటగాడి అవార్డు తీసుకున్నాడు. అంటే ఆ స్థాయి ఆటగాడు కిందే ఉన్నాడు. వేరే క్లబ్ పుడితే తప్ప పైకి రాలేకపోయాడు.

పార్క్ జీ సూ ఇంకో ఉదాహరణ. ఇంచాన్ వదిలేస్తే 2014లో కే3లో ఎఫ్‌సీ ఉయిజాంగ్బుకి ఆడాడు. అక్కడి నుంచి గ్యోంగ్నామ్, 2018లో ఆ జట్టు కే లీగ్ 1లో రన్నరప్, తర్వాత చైనాలో గ్వాంగ్‌ఝౌ ఎవర్‌గ్రాండ్, జాతీయ జట్టు, టోక్యో ఒలింపిక్స్. ఇరవై ఏళ్లకే ఇక నీతో పని లేదన్న కుర్రాడికి ఇంకో ఏడాది ఆడే చోటు దొరకడం వల్ల జరిగింది ఇదంతా. కింది లీగ్ విలువ నాకు అక్కడ కనిపిస్తుంది. ట్రోఫీల సంగతి తర్వాత.

గ్యాలరీ గోపి (హైదరాబాద్)

సింధు గారు చెప్పినదానికి ఒప్పుకుంటూనే ఒక మాట. ఆఫీసు జట్లు కాదన్నాక ఆ చోటులోకి వచ్చింది సిటీ హాళ్లు, అంటే మునిసిపాలిటీలు. కొరియా కింది లీగ్‌ల కథలో అసలు పాత్ర వాళ్లదే అని నా గట్టి అభిప్రాయం.

2007లో ఫుట్‌బాల్ అసోసియేషన్ కే3 పెట్టినప్పుడు పది క్లబ్‌లతో మొదలైంది. మొదటి ఛాంపియన్ సియోల్ యునైటెడ్. తర్వాత ఛాంపియన్ల జాబితా చూడండి: యాంగ్జు, పొచాన్, గ్యోంగ్జు, హ్వాసంగ్. అన్నీ ఊరి పేర్లే, చాలావాటికి పక్కన సిటిజన్ అన్న మాట కూడా ఉంటుంది. పొచాన్ సియోల్‌కి ఉత్తరాన ఉన్న చిన్న ఊరు. ఆరుసార్లు గెలిచింది పాత కే3ని! 2015, 2016, 2017 వరసగా.

2017లో కే3ని అడ్వాన్స్‌డ్, బేసిక్ అని రెండు చేసి వాటి మధ్య ప్రమోషన్, రెలిగేషన్ (పైకి ఎక్కడం, కిందికి దిగడం) పెట్టారు. 2019తో నేషనల్ లీగ్‌ను ఆపేశారు. 2020లో ఆ ఆఫీసు, మునిసిపల్ జట్లనూ కే3లో పై వరస క్లబ్‌లనూ కలిపి 16 జట్లతో కొత్త కే3, మిగతావాటితో 13 జట్ల కే4 మొదలైంది. మూడో స్థాయి, నాలుగో స్థాయి అని మొదటిసారి ఒకే వరసలోకి వచ్చాయి. కరోనా వల్ల ఆ సీజన్ మేలో మొదలైంది. కొత్త కే3 మొదటి ఛాంపియన్ గిమ్హే, కే4లో పాజు.

ఇక్కడ నాకు బాధ అనిపించేది పొచాన్ గురించే. ఆరుసార్లు గెలిచిన జట్టు 2020లో కే4 నుంచి మొదలుపెట్టాల్సి వచ్చింది. 2021లో కే4 గెలిచి కే3కి వచ్చింది. అంత గెలిచిన జట్టుకు ప్రొఫెషనల్ లీగ్ ఎప్పుడూ దక్కలేదు.

సువాన్ స్టూడెంట్

నమస్తే అండీ. ఇక్కడ పీహెచ్‌డీ చేస్తున్నాను. కే3, కే4 గురించి అందరూ రాశారు. వాటి కిందున్న కే5, కే6, కే7 గురించి ఒక్కరూ రాయలేదు. నాకు అసలు విశేషం అక్కడే ఉందనిపిస్తుంది.

ఇక్కడ ప్రతి ఊళ్లో తెల్లవారుజామున ఫుట్‌బాల్ ఆడే క్లబ్‌లు ఉంటాయి. ఆదివారం ఉదయం ఏ స్కూల్ గ్రౌండ్ దగ్గరికి వెళ్లినా యాభై ఏళ్ల అంకుల్స్ ఒకే రంగు జెర్సీలు వేసుకుని సీరియస్‌గా ఆడుతుంటారు. ఆట అయ్యాక అందరూ కలిసి భోజనం. కొన్ని క్లబ్‌లు తరాలుగా ఉన్నాయి. ఇవి చాలాకాలం ఫుట్‌బాల్ అసోసియేషన్‌కి సంబంధం లేకుండా వేరే సంస్థ కింద ఉండేవి. పతకాల కోసం ఆడే క్రీడలకు ఒక సంస్థ, మామూలు జనం ఆడుకునే క్రీడలకు ఇంకో సంస్థ. 2016లో దేశం మొత్తం మీద ఈ రెండు వ్యవస్థలనూ కలిపేశారు. ఫుట్‌బాల్‌లోనూ కలిశాయి.

కలిశాక చేసిన పని నాకు బాగా నచ్చింది. కింద నుంచి కట్టుకొచ్చారు. 2017లో కే7, 2018లో కే6, 2019లో కే5. కే7 అంటే మీ మండల స్థాయి అనుకోండి. ఊళ్లో ఉన్న ఉదయపు క్లబ్ పేరు నమోదు చేసుకుని ఆడొచ్చు. గెలిస్తే కే6, ఆ తర్వాత కే5. కే5 ప్రాంతాల వారీగా జరుగుతుంది, చివర్లో ఆయా ప్రాంతాల విజేతలు ఛాంపియన్‌షిప్ ఆడతారు. కే5 జట్లకు కొరియా కప్‌లో కూడా చోటు ఉంది. 2024లో ఎఫ్‌ఏ కప్‌కే ఆ పేరు పెట్టారు.

మా ల్యాబ్‌లో టెక్నీషియన్‌గా చేసే ఒకాయన కే6 జట్టులో లెఫ్ట్ బ్యాక్. సోమవారం పొద్దున కుంటుకుంటూ వచ్చినా ముఖంలో సంతోషం దాగదు. ఆయన తన జట్టు స్థాయి చెప్పేటప్పుడు దేశం లీగ్ వ్యవస్థలో ఆరో మెట్టు అని గర్వంగా చెప్తాడు. పార్కులో సరదాకి ఆడుతున్నానని ఎప్పుడూ అనడు.

డిఫెండర్ నం.4

చాలా బాగుంది చర్చ. రెండు ప్రశ్నలు. ఒకటి, కే4లో పెద్ద క్లబ్‌ల బి జట్లు (రెండో జట్లు) ఆడుతున్నాయని చదివాను, అది మంచిదేనా? రెండు, కొరియాలో మగవాళ్లందరికీ మిలిటరీ సర్వీస్ తప్పదు కదా, మరి కింది లీగ్ ఆటగాళ్ల సంగతేంటి? ప్రొఫెషనల్స్‌కి సాంగ్మూ అనే సైన్యం జట్టు ఉందని తెలుసు.

హ్వాసంగ్‌లో వేణు

నం.4 బ్రో, రెండో ప్రశ్న చాలా ముఖ్యమైనది. గిమ్చాన్ సాంగ్మూలో చోటు కొద్దిమందికే. మిగతా వాళ్లలో ఆరోగ్య కారణాల వల్ల సైన్యానికి బదులు ప్రభుత్వ ఆఫీసుల్లో, సేవా కేంద్రాల్లో సర్వీస్ చేసేవాళ్లు ఉంటారు. పగలు అక్కడ డ్యూటీ, సాయంత్రం శిక్షణ, వారాంతంలో మ్యాచ్. ఇలాంటివాళ్లకు కే4 పెద్ద దిక్కు. ఈ వయసులో దాదాపు రెండేళ్లు బంతి ముట్టకపోతే కెరీర్ అయిపోయినట్టే. కే లీగ్‌లో పేరున్న ఆటగాడు కే4లో కనిపిస్తే ఆశ్చర్యపోకండి, సర్వీస్ చేస్తుండొచ్చు.

జీతాల గురించి కూడా చెప్పాలి. కే3 క్లబ్‌లు జీతంతో ఒప్పందం ఉన్న ఆటగాళ్లను కొంతమందినైనా తప్పనిసరిగా పెట్టుకోవాలి. కే4లో ఆ సంఖ్య తక్కువ. మిగతావాళ్లు మ్యాచ్ ఆడితే వచ్చే డబ్బు, గెలిస్తే వచ్చే బోనస్ మీద ఆధారపడతారు. పిల్లలకు కోచింగ్ ఇస్తూ, డెలివరీ పనులు చేస్తూ ఆడేవాళ్లున్నారు.

సింధు_మిడ్‌ఫీల్డ్

బి జట్ల మీద నేను రాస్తాను. 2021లో గాంగ్వాన్ బి జట్టు కే4లో చేరింది, తర్వాత మరికొన్ని వచ్చాయి. పెద్ద క్లబ్‌కి లాభం స్పష్టం: 19, 20 ఏళ్ల కుర్రాళ్లు రిజర్వ్ మ్యాచ్‌ల బదులు పాయింట్ల కోసం పోరాడే మ్యాచ్‌లు ఆడతారు.

కానీ ఊరి క్లబ్‌కి ఏంటి లాభం? బి జట్టుకి అభిమానులు రారు. జట్టులో ఈ వారం ఉన్నవాడు వచ్చే వారం ఉండడు. కే4 పుట్టింది ఊరి క్లబ్‌ల కోసం. అక్కడ చోటు ఊరి జట్లకే ఇవ్వాలి. ఈ విషయంలో నా మనసు మారదు.

రైట్ ఔట్ రామం

అమ్మా సింధూ, బి జట్ల మీద నీతో ఏకీభవిస్తాను. గోపి మాత్రం సిటీ హాళ్లను అంతగా మెచ్చుకోవడం నాకు కొంచెం భయంగా ఉంది.

మునిసిపల్ డబ్బు ఎన్నికలతో ముడిపడిన డబ్బు. కొరియాలో నాలుగేళ్లకోసారి మేయర్ ఎన్నికలు. ఒక మేయర్ జట్టు పెడతాడు, ఇంకో మేయర్ వచ్చి బడ్జెట్ తగ్గిస్తాడు. టికెట్ల మీద, జెర్సీల మీద వచ్చేది చాలా తక్కువ. 2016 చివర్లో ఏమైందో చూడండి. నేషనల్ లీగ్‌లో అంత గెలిచిన మిపో షిప్‌యార్డ్ జట్టు మూతపడింది. అదే సమయంలో, నేషనల్ లీగ్ నుంచి 2013లో పైకి వెళ్లిన గోయాంగ్ (బ్యాంకు జట్టు కాదు, ఇంకో క్లబ్), చుంగ్జు క్లబ్‌లు కూడా రెండో డివిజన్ నుంచి మాయమయ్యాయి. అంటే ఆఫీసు డబ్బుతో నడిచినదీ పోయింది, పైకి ఎక్కినవీ పోయాయి. మిపో ఆటగాళ్లలో చాలామందిని కొత్తగా పెట్టిన ఆన్సాన్ గ్రీనర్స్ తీసుకుంది కాబట్టి వాళ్ల వరకు నయం.

గ్యాలరీ గోపి (హైదరాబాద్)

రామం గారి భయం సబబే. అయినా నా మాట మీదే ఉంటాను. కంపెనీ వెళ్లిపోతే ఊరివాళ్లు అడగడానికి ఎవరూ ఉండరు, బుచాన్‌లో అదే జరిగింది. మేయర్ బడ్జెట్ కోస్తే కనీసం కౌన్సిల్ ముందు నిలదీయొచ్చు, వచ్చే ఎన్నికల్లో ఓటు వేయకుండా ఉండొచ్చు. బుచాన్ అభిమానులు పెట్టిన క్లబ్ కూడా చివరికి సిటీ సాయంతోనే ప్రొఫెషనల్ అయింది. అభిమానులు ముందు నడిచారు, సిటీ వెనక వచ్చింది. ఆ వరస ముఖ్యం.

గింపో చూడండి. 2021లో కే3 ఛాంపియన్, 2022లో కే లీగ్ 2లో చేరిక, 2023లో మూడో స్థానం! ప్రమోషన్ ప్లేఆఫ్‌లో గాంగ్వాన్‌తో మొదటి లెగ్ 0-0, రెండో లెగ్‌లో 2-1తో ఓడిపోయారు. రెండేళ్ల కిందట మూడో స్థాయిలో ఉన్న జట్టు టాప్ డివిజన్‌కి ఒక్క గోల్ దూరంలో ఆగింది.

డిఫెండర్ నం.4

గోపి అన్నా, చేరిక అన్నారు, ప్రమోషన్ అనలేదు. గెలిస్తే ఎక్కడం కాదా?

సింధు_మిడ్‌ఫీల్డ్

నం.4, సరిగ్గా అక్కడే పట్టావు. కే లీగ్ 1, కే లీగ్ 2లను ప్రొఫెషనల్ లీగ్ సంస్థ నడుపుతుంది. కే3 నుంచి కిందికి ఫుట్‌బాల్ అసోసియేషన్‌ది. ఈ రెంటి మధ్య ఇన్నాళ్లూ మెట్టు లేదు. కే3 క్లబ్ పైకి వెళ్లాలంటే దరఖాస్తు పెట్టుకోవాలి: సిటీ హామీ, స్టేడియం, యూత్ జట్లు, ప్రవేశ రుసుము. లీగ్ ఒప్పుకుంటే చేరతారు. గింపో అలాగే వెళ్లింది, 2023లో చొనాన్ అలాగే వెళ్లింది. 2023లో కే3 గెలిచిన హ్వాసంగ్ 2025లో చా డూ రీ కోచ్‌గా అలాగే చేరింది. 2024లో కే3 గెలిచిన షిహుంగ్ కిందే ఉండిపోయింది.

2026లో మూడు కొత్త జట్లు చేరి కే లీగ్ 2లో 17 అయ్యాయి. వాటిలో గిమ్హే 2025 కే3 ఛాంపియన్, పాజు కూడా కే3 నుంచే. మూడోది యాంగిన్, అది కొత్తగా పెట్టిన క్లబ్. కే3లో ఒక్క మ్యాచ్ ఆడకుండా నేరుగా రెండో డివిజన్‌లోకి వచ్చింది. యాంగిన్ మీద నాకు కోపం లేదు, పది లక్షల జనాభా ఉన్న ఊరు, జట్టు ఉండాల్సిందే. కానీ ఏళ్ల తరబడి కే3లో ఆడుతున్న ఊళ్లకు అది ఎలా కనిపిస్తుంది?

2026 సీజన్ నుంచి కే లీగ్ 2 చివరి జట్టు, కే3 విజేత తలపడే పద్ధతి తెస్తామని ప్రకటించారు. కే3 విజేతకు ప్రొఫెషనల్ లైసెన్స్ ఉండాలన్న షరతుతో. రామం గారు చెప్పిన బ్యాంక్ 2006లో వద్దన్న మెట్టు ఇది. ఈసారి ఎక్కాలనుకునే ఊళ్లు కింద ఉన్నాయి.

రైట్ ఔట్ రామం

లైసెన్స్ లేని ఆఫీసు జట్టు కే3 గెలిస్తే? గ్యోంగ్జు అణు విద్యుత్ కంపెనీ జట్టో, బూసాన్ రవాణా సంస్థ జట్టో గెలిచిందనుకోండి. అప్పుడు మళ్లీ మొదటికే వస్తుంది కదా. షరతు రాసేవాళ్లు ఈ సంగతి ముందే తేల్చాలి.

సువాన్ స్టూడెంట్

రామం గారూ, అందుకే కే3లో ఎవరెవరు లైసెన్స్‌కి ప్రయత్నిస్తున్నారో సీజన్ మొదట్లోనే ప్రకటిస్తే బాగుంటుంది. సింధు గారు పైన ఆఫీసు జట్ల గురించి అడిగిందీ అదే.

ఎవరైనా చూడాలనుకుంటే, సీజన్ మార్చి నుంచి నవంబర్ దాకా ఉంటుంది. కే3, కే4 మ్యాచ్‌లు యూట్యూబ్‌లో లైవ్ వస్తాయి. కామెంటరీ కొరియన్‌లోనే, అయినా ఆట అర్థమవుతుంది. మన టైమ్ వాళ్లకన్నా మూడున్నర గంటలు వెనక, అంటే అక్కడ మధ్యాహ్నం రెండింటి మ్యాచ్ హైదరాబాద్‌లో పదిన్నరకి. ఆదివారం టిఫిన్ అయ్యాక పెట్టుకోవచ్చు. పొచాన్ మ్యాచ్ ఉన్న రోజు ఇక్కడ లింక్ పెడతాను, గోపి గారి కోసం.

గ్యాలరీ గోపి (హైదరాబాద్)

తప్పకుండా పెట్టండి. వేణు గారూ, మీరు ఈసారి బుచాన్ స్టేడియానికి వెళ్తే నాకోసం ఒక ఎర్ర మఫ్లర్ కొని ఉంచండి, డబ్బు పంపిస్తాను.